కట్టెల మోపులో వంటకెంత? ఆకాశానికెంత?



పోయిన నెల స్టడీ అవర్లో 7వ తరగతి చెల్లె ఒకామె పుస్తకం పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. “అక్కా, శక్తిని ఎవరూ పుట్టించలేరు, నాశనం చెయ్యలేరు అని ఒక పాఠంలో ఉంది. ఇంకో పాఠంలోనేమో బొగ్గు, పెట్రోలు తరిగిపోయే శక్తి వనరులు అని ఉంది. నాశనం కానిది ఎట్ల తరిగిపోతది?” అని అడిగింది.

మంచి ప్రశ్న! నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉష్ణగతిక శాస్త్రం చదివినా, ఈ రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు. ఆ రాత్రి ఆ చెల్లెకు రెండు మాటలు చెప్పి పంపాను గాని, అది రెండు మాటలతో అయ్యేది కాదు. అందుకే సంపాదక వర్గం వాళ్లను ఒక డ్రాయింగు షీటు ఎక్కువ అడిగి తీసుకొని ఇది రాస్తున్నాను. లెక్కలు ఉన్నాయని భయపడి పక్క షీటుకు పోకండి. అన్నీ గుణకారాలు, భాగహారాలే.

మొదట బొగత జలపాతం దగ్గరికి పోదాం. వాజేడు నుండి వచ్చిన వాళ్లు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు కదా. అక్కడ నీళ్లు దాదాపు 30 అడుగుల ఎత్తు నుండి, అంటే 9 మీటర్ల నుండి పడతాయి. పడిన నీళ్లు కింద మడుగులో నురుగు కక్కి, కాసేపటికి నెమ్మదిస్తాయి. ఆ పడిన బలం ఎటు పోయింది? ఎటూ పోలేదు. నీళ్లు వేడెక్కాయి. 1840లలో జూల్ అనే ఆయన బరువులను కిందికి దించుతూ, వాటితో నీళ్లలో రెక్కలు తిప్పించి, ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో కొలిచాడు. ఆ లెక్క ప్రకారం నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 427 మీటర్ల ఎత్తు నుండి పడాలి. మన బొగత 9 మీటర్లే కాబట్టి డిగ్రీలో 50వ వంతు మాత్రం వేడెక్కుతుంది. దిగి స్నానం చేసేవాడికి ఏమీ తెలియదు!

శక్తి అయితే అంతా ఉంది, చుక్క పోలేదు. కానీ మడుగులోని నీళ్లు ఆ కొంచెం వేడిని కూడగట్టుకొని, తామే చల్లబడి, మళ్లీ పైకి ఎగిరి రాతి మీదికి ఎక్కడం మీరు ఎప్పుడైనా చూశారా? శక్తి నిత్యత్వ నియమం ఒక్కటే ఉంటే అట్లా ఎగరడానికి అడ్డేమీ లేదు. అడ్డు చెప్పేది రెండో నియమం. ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమం అంటే పుస్తకంలో పెద్ద పెద్ద మాటలున్నాయి. నేను మాత్రం వడ్లతో గుర్తు పెట్టుకున్నాను. బస్తాలో వడ్లు ఉన్నాయనుకోండి, వండుకోవచ్చు. అవే వడ్లను అడవంతా చల్లేస్తే ఒక్క గింజ కూడా నాశనం కాలేదు, లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ ఆ పూట అన్నం ఉండదు. శక్తి కూడా అంతే. ఒకచోట కూడి ఉన్నది చెల్లాచెదరు అవుతుంది, దానంతటది మళ్లీ ఒకచోటికి రాదు. బొగ్గు తరిగిపోతుంది అన్నప్పుడు తరిగేది ఈ కూడి ఉండడమే.

ఇక మా ఇంటి సంగతి చెబుతాను. అసలు ఈ వ్యాసం రాయడానికి సగం కారణం అదే.

మా గూడెంలో మా అమ్మ వారానికి రెండు మోపుల కట్టె తెస్తుంది. నా చిన్నప్పుడు కిలోమీటరు దూరంలోనే ఎండుకట్టె దొరికేది. ఇప్పుడు పోను 3, రాను 3 కిలోమీటర్లు. వచ్చేటప్పుడు నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద మోపు. దసరా సెలవులకు పోయినప్పుడు కిరాణా కొట్టు వాళ్ల స్ప్రింగు కాంటా అడిగి తెచ్చి తూచాను. 24 కిలోలు! నేను ఎత్తబోతే మెడ నొప్పి పట్టింది. అమ్మ నవ్వింది.

ఫిజిక్స్ సార్ నా పేరు రిజిస్టర్లో రాయించుకొని లాబ్ థర్మామీటరు ఒకటి ఇచ్చారు. మా మూడు రాళ్ల పొయ్యి మీద గిన్నెలో 5 లీటర్ల నీళ్లు పెట్టి మూత వేశాను. మొదలుపెట్టినప్పుడు నీళ్లు 28 డిగ్రీలు. తూచి పెట్టిన కట్టెలో నుండి తీసి మంట పెట్టాం. 98 డిగ్రీలకు వచ్చాక మిగిలిన కట్టె తూచితే 800 గ్రాములు కాలింది. ఒక లీటరు నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలోక్యాలరీ కావాలి. 5 లీటర్లు, 70 డిగ్రీలు అంటే 350 కిలోక్యాలరీలు నీళ్లలోకి పోయాయి. మరి కట్టె ఎంత ఇచ్చింది? మామూలుగా ఆరిన కట్టె కిలోకు 3500 కిలోక్యాలరీల వరకు ఇస్తుంది. 800 గ్రాములంటే 2800. భాగిస్తే సరిగ్గా 8వ వంతు! (పొయ్యిలో మిగిలిన నిప్పులను లెక్కలో పట్టలేదు, పడితే కొంచెం మెరుగు.)

అంటే 24 కిలోల మోపులో వంటకు పడింది 3 కిలోలు. మిగిలిన 21 కిలోలు రాళ్లకు, గాలికి, పొగకు, మా అమ్మ కండ్లకు. ఈ మాట చెబితే అమ్మ ఊదుగొట్టం పక్కన పెట్టి, “ఇన్నేండ్ల సంది నేను మొగులుకు వండుతున్ననా ఏంది?” అన్నది. నాకు నవ్వు రాలేదు.

మరునాడు నేను, మా చెల్లె పుట్టమన్ను తెచ్చి, ఊక కలిపి తొక్కి, రాళ్ల చుట్టూ గోడలాగా మెత్తాం. ముందర కట్టె పెట్టేందుకు ఒక నోరు, వెనుక పొగ పోవడానికి ఒక సందు. గిన్నె దిగువకు దిగేటట్టు చేశాం. ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. అదే గిన్నె, అవే 5 లీటర్లు, అదే 28 డిగ్రీల నుండి 98 దాకా పెడితే ఈసారి 500 గ్రాములు కాలింది. 1750లో 350 అంటే 5వ వంతు. పెద్ద విజయం అనను, ఇంకా నాలుగు వంతులు పోతూనే ఉన్నాయి. కానీ ఏడాదికి 104 మోపులు కావలసిన చోట 65 చాలు. 39 మోపులు తప్పాయి. మోపుకు 6 కిలోమీటర్లు కాబట్టి 234 కిలోమీటర్ల నడక తప్పింది.

ఇక్కడ ఒక సంగతి బాగా పట్టించుకోవాలి. మా పొయ్యిలో పోయిన వేడి మన చేతిలో ఉన్న నష్టం, మన్ను మెత్తితే తగ్గింది. ఇంకో రకం నష్టం ఉంది. దానికి ఎంత మన్ను మెత్తినా, ఎంత గొప్ప ఇంజనీరు వచ్చినా ఒక హద్దు దాటి తగ్గదు. వేడిని పనిగా మార్చేటప్పుడు వచ్చే నష్టం అది. నీళ్లు కాచుకోవడం వేడి పని, మోటారు తిప్పడం వేరే పని. కరెంటు కావాలంటే చక్రం తిరగాలి కదా.

ఈ హద్దును కనిపెట్టింది సాడీ కార్నో అనే ఫ్రెంచి ఇంజనీరు, 1824లో. ఆయన 36 ఏండ్లకే 1832లో కలరాతో చనిపోయాడు. ఆయన చెప్పింది మనకు తేలిగ్గా అర్థమయ్యే మాట. నీళ్లు ఎత్తు నుండి పల్లానికి పడితేనే చక్రం తిరిగినట్టు, వేడి కూడా ఎక్కువ వేడి ఉన్న చోటి నుండి చల్లని చోటికి దిగితేనే పని చేస్తుంది. పల్లం లేని చోట ఎంత చెరువున్నా చక్రం తిరగదు. అట్లాగే చల్లని చోటు లేకపోతే ఎంత వేడి ఉన్నా లాభం లేదు.

మన జిల్లాలో థర్మల్ స్టేషన్లు చూసిన వాళ్లకు ఇప్పుడు ఒక అనుమానం తీరాలి. పాల్వంచలో పాత కూలింగ్ టవర్లు 8 ఉండేవి, 2024 ఆగస్టులో వాటిని కూల్చేశారు. బస్సులో పోయేటప్పుడు వాటిని చూసి, అంత పెద్దవి కట్టి వేడిని వృథాగా ఎందుకు వదులుతారు, దాన్ని కూడా కరెంటు చెయ్యొచ్చు కదా అని నేనూ అనుకున్నా. చెయ్యలేరు! ఆ చల్లార్చడమే లేకపోతే చక్రమే తిరగదు. ఆవిరి 540 డిగ్రీల దగ్గర బయలుదేరి 40 డిగ్రీల దగ్గర చల్లబడుతుంది అనుకుందాం. 273 కలిపితే 813, 313. తేడా 500ను 813తో భాగిస్తే 61 శాతం. ఏ రాపిడీ లేని, ఏ లోపమూ లేని ఊహాయంత్రానికైనా అంతకు మించి రాదు. నిజమైన స్టేషనులో 35 శాతం చుట్టుపక్కల వస్తుంది. కిలో బొగ్గులో 4000 కిలోక్యాలరీలు ఉంటే, కరెంటు ఒక యూనిట్ అంటే 860 కిలోక్యాలరీలు కాబట్టి, నాలుగున్నర యూనిట్లకు పైగా రావాలి. వచ్చేది ఒకటిన్నర యూనిట్ల పైచిలుకు.

ఆ కరెంటు తెచ్చి మళ్లీ నీళ్లు కాచుకుంటే ఎట్లుంటది? 15 లీటర్ల బకెట్ నీళ్లను 20 డిగ్రీల నుండి 40కి పెంచడానికి 300 కిలోక్యాలరీలు చాలు. దానికోసం స్టేషనులో దాదాపు మూడింతల బొగ్గు వేడిని ఖర్చు పెట్టాలి. ఎంతో కష్టపడి వేడిని పనిగా మార్చి, తిరిగి గోరువెచ్చని నీళ్లు చేసుకోవడం అన్నమాట! ఎండలో నల్ల రంగు వేసిన డ్రమ్ము పెడితే అయ్యే పనికి. చలికాలం పొద్దున చన్నీళ్ల స్నానానికి వణికే 5వ తరగతి పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఆ డ్రమ్మే గుర్తొస్తుంది.

సరే, బొగ్గు దగ్గరికి వద్దాం. మన దిక్కు బొగ్గు ఎట్లా దొరికిందో పెద్దలు చెప్పే కథ ఒకటి ఉంది. 1870 ప్రాంతంలో భద్రాచలం పోయే యాత్రికులు ఇల్లందు దగ్గర దారిలో ఆగి వండుకుందామని నల్లరాళ్లు మూడు తెచ్చి పొయ్యి పెట్టారట. కట్టెతో పాటు పొయ్యి రాళ్లు కూడా అంటుకున్నాయట! కథ సంగతి ఎట్లున్నా, 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనుగొన్నాడు. అక్కడి ఒక బొగ్గు పొరకు ఆయన పేరే ఉంది. ఈ రకం పొరలన్నిటినీ శాస్త్రవేత్తలు గోండ్వానా పొరలు అంటారు. గోండుల దేశం అన్న మాటలోంచి వచ్చిన పేరు. మన కోయ భాష గోండీకి దగ్గరి చుట్టం కదా. ప్రపంచంలో ఏ మూల జియాలజీ చదివే పిల్లలైనా మన బంధువుల పేరు పలకాల్సిందే అనుకుంటే నాకు కొంచెం సంతోషంగా ఉంటుంది.

ఆ బొగ్గు 25 కోట్ల ఏండ్లకు పైబడిన చెట్లది. ఆ చెట్లు కూడా మన ఇప్పచెట్టు లాగానే ఎండను పట్టుకొని పెరిగినవే. ఆకు తన మీద పడిన ఎండలో నూటికి ఒక వంతు కూడా సరిగ్గా దాచుకోదు. దాచుకున్న దాంట్లో చాలామటుకు కుళ్లిపోతుంది. బురద కింద కప్పబడి, గాలి తగలకుండా మిగిలిన ఏ కొంచెమో బొగ్గు అయింది. అంటే బొగ్గు పాతకాలపు ఎండ. లక్షల ఏండ్ల పాటు పొర మీద పొరగా పేరుకున్న దాన్ని, సింగరేణి గనుల నుండి 2023-24 ఒక్క ఏడాదిలోనే 7 కోట్ల టన్నులు తీశారు. మా నాయన ఒకసారి “మళ్లీ పుట్టదా బిడ్డా అది?” అని అడిగిండు. పుడుతుంది. ఇప్పుడు కూడా ఎక్కడో చిత్తడి నేలల్లో మొదలవుతూ ఉండొచ్చు. కాకపోతే మనం తీసే లెక్కకు, అది పుట్టే లెక్కకు పొంతన లేదు. తరిగిపోయేది, తరగనిది అనే తేడా వస్తువులో లేదు, ఈ వేగాల్లో ఉంది అని నేను అనుకుంటున్నాను.

అందుకే పుస్తకంలో కట్టెను తరగని వనరుల జాబితాలో వేయడం నాకు నచ్చదు. తరగనిదైతే మా అమ్మ కిలోమీటరు నుండి 3 కిలోమీటర్లకు ఎందుకు పోవలసి వచ్చింది? చెట్టు పెరిగే దానికంటే తొందరగా కొడితే కట్టె కూడా బొగ్గు లాంటిదే. గుంపు చిన్నదిగా, అడవి పెద్దదిగా ఉన్నప్పుడు అది తరగనిది. ఇప్పుడు కాదు.

భూమిలోపలి వేడి గురించి కూడా ఒక ముక్క. మణుగూరు పక్కన పగిడేరులో బోర్ల నుండి వేడినీళ్లు వాటంతటవే ఉబికి వస్తాయి. 2020ల మొదట్లో అక్కడ సింగరేణి వాళ్లు 20 కిలోవాట్ల చిన్న ప్రయోగ ప్లాంటు పెట్టారు. ఇన్ని నీళ్లు ఊరికే పొంగుతుంటే 20 కిలోవాట్లేనా అని మా బావ ఎగతాళి చేశాడు. కార్నో లెక్క వేసి చూపించాను. నీళ్లు 70 డిగ్రీలు అనుకుందాం, బయటి చల్లదనం 30. తేడా 40ని 343తో భాగిస్తే 12 శాతం కూడా రాదు, అది కూడా ఊహాయంత్రానికే. నీళ్లు ఎన్ని ఉన్నా పల్లం తక్కువ. మామూలు నీటి ఆవిరి అంత తక్కువ వేడికి పనికిరాదు కాబట్టి, తొందరగా మరిగే వేరే ద్రవాన్ని ఆ వేడితో మరిగించి చక్రం తిప్పుతారు. బావ ఒప్పుకున్నట్టే ఉంది, మాట మార్చేశాడు.

మరి సీలేరు? చింతూరు నుండి వచ్చిన వాళ్లు మోతుగూడెం చూసే ఉంటారు. అక్కడి దిగువ సీలేరు కేంద్రంలో 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు 1976-78 నాటికే పెట్టారు. పడే నీళ్లకు కార్నో హద్దు లేదు, నూటికి 90 వరకు కరెంటుగా మారుతుంది. వినడానికి గొప్పగా ఉంది కదా. అయితే ఆ నీళ్లను కొండ మీదికి ఎక్కించింది ఎవరు? సూర్యుడు. ఆ లెక్క కూడా వేశాను. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 580 కిలోక్యాలరీలు కావాలి. ఆ కిలో నీరు 100 మీటర్లు పడితే ఇచ్చేది కిలోక్యాలరీలో పావు వంతు కంటే తక్కువ. అంటే సూర్యుడు పెట్టిన 2500 వంతుల్లో మనకు చక్రం దగ్గర చిక్కేది ఒక వంతు. ఇంత దుబారా మా మూడు రాళ్ల పొయ్యిలో కూడా లేదు! కానీ ఆ యజమాని రేపు కూడా వస్తాడు, బిల్లు అడగడు. మేఘం పైకి పోవడానికి ఎవరి నెత్తి మీదా మోపు లేదు.

ఇంకో వింత చెప్పాలి. భూమి సూర్యుడి నుండి తీసుకున్న శక్తిని దాదాపు అంతా తిరిగి ఆకాశంలోకి పంపేస్తుంది. (ఇప్పుడు మనం వదిలిన పొగ వాయువుల వల్ల కొద్దిగా తక్కువ పంపుతోంది, అందుకే వేడెక్కుతోంది.) తీసుకున్నంతా ఇచ్చేస్తే మనకు మిగిలిందేమిటి? సూర్యుడి పైభాగం 5800 కెల్విన్ల వేడి. అక్కడి నుండి వచ్చే వెలుగు బస్తాలోని వడ్ల లాంటిది. మన భూమి దాన్ని చిన్న చిన్న ముక్కలుగా, వచ్చిన ఒక్కో వెలుగు కణానికి బదులు సుమారు 20 కణాలుగా, తక్కువ రకం వేడిగా మార్చి పంపుతుంది. ఆ దిగుడు మధ్యలోనే వాన, గాలి, ఇప్పపువ్వు, మనం, మన స్టడీ అవర్ అన్నీ జరుగుతున్నాయి.

చివరగా ఇంట్లో జరిగిన వాదన. మాకు గ్యాసు సిలిండరు ఉంది. చుట్టాలు వస్తే టీకి వాడతాం. బండి గూడెం దాకా రాదు, వాగు దాటి భుజం మీద తెచ్చుకోవాలి, పైసలు కూడా ఉండాలి. గ్యాసు తరిగిపోయే వనరు, అది వాడకూడదు అని మా అన్న నా పుస్తకం చదివి నాతోనే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. 14.2 కిలోల సిలిండరులో కిలోకు 11,000 కిలోక్యాలరీలు ఉంటాయి, గ్యాసు పొయ్యి నూటికి 60 గిన్నెకు ఇస్తుంది. అంటే ఒక సిలిండరు మా పాత పొయ్యి లెక్కలో 9 మోపులకు సమానం. మన్ను మెత్తిన పొయ్యి లెక్కలో ఐదున్నర. దగ్గుతూ 54 కిలోమీటర్లు నడిచే మనిషికి తరిగిపోయేది, తరగనిది అని పాఠం చెప్పడానికి నాకు నోరు రాదు. ఇదే గ్యాసుకు బదులు ఎండతో వండే సౌకర్యం వస్తే అప్పుడు మానేద్దాం అన్నాను. మా పెదనాయన చేను ఒక బొగ్గు క్వారీ కిందికి పోయింది. ఆయన మా ఇద్దరి మాటలు విని, “ఎవరి ఖర్చులో ఎవరికి వెలుగో అది కూడా లెక్క కట్టు బిడ్డా” అన్నాడు. ఆ లెక్కకు నా దగ్గర కాంటా లేదు.

స్ప్రింగు కాంటా మాత్రం ఒకటి ఉంది. ఈసారి డబ్బులు పోగు చేసి కొన్నాం, నా పెట్టెలో ఉంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయేవాళ్లు పొయ్యి కొలవాలనుకుంటే పేరు ఇవ్వండి, ఇప్పటికే ముగ్గురు ఇచ్చారు. థర్మామీటరు కోసం సార్‌ను అడగాలి, పగలగొట్టకండి. నీళ్లు 5 లీటర్లే పెట్టాలి, మూత వేయాలి. కట్టె ముందు తూచి, తర్వాత తూచి రాయాలి. ఏ చెట్టు కట్టెనో, పచ్చిదో ఎండుదో కూడా రాయండి. వచ్చాక అన్ని ఊళ్ల లెక్కలు కలిపి ఇదే గోడ మీద పట్టిక వేస్తాం.

– ఇంటర్ ద్వితీయ సంవత్సరం, ఎం.పి.సి. విద్యార్థిని